తొట్టి ఎంతో చేప అంతే

ఆ కొట్టులో పొడుగాయన రోజుకు ఎన్నిసార్లు ఆ మాట అనేవాడో ఆయనకే తెలియదు. "తొట్టి ఎంతో చేప అంతేనండీ. చిన్నదాంట్లో వేస్తే చిన్నగానే ఉంటుంది. సర్దుకుంటుంది." గుండ్రటి గాజుగిన్నెను రెండు చేతులా ఎత్తి వెలుతురుకు పట్టి, అందులో ఎర్రచేప ఒక చుట్టు తిరిగేదాకా ఆగి, అప్పుడు అనేవాడు. కొనేవాళ్ళకు కావలసింది కూడా ఆ మాటే. ఇంట్లో ఫ్రిజ్ పక్కన జానెడు చోటు ఉంటుంది. అక్కడ పట్టాలి, అందంగా ఉండాలి, నీళ్ళు మార్చే బాధ ఉండకూడదు, చేప మాత్రం నూరేళ్ళు బతకాలి. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలన్నారట, అలాంటి బేరం ఇది. అలా వచ్చినవాళ్ళకు నిజం చెప్పి ఉత్తచేతులతో పంపించే కొట్టువాడు ఎక్కడైనా ఉన్నాడేమో, నేనైతే చూడలేదు.

ఆ మాట ఆయన సొంతం కాదు, మేనమామ దగ్గర నేర్చుకున్నది. కొట్టూ మేనమామదే, కట్టుకున్నదీ మేనమామ కూతుర్నే. సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉండే కొట్టు. రెండు పక్కలా మూడేసి వరసల్లో తొట్లు, మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి, చివర ఒక ఇనుప నిచ్చెన. పై ఎత్తంతా ఊరికే పోతోందని మేనమామ చెక్కలు కొట్టించి అటక వేయించాడు. పెళ్ళయ్యాక కూతురికీ అల్లుడికీ అదే గది అన్నాడు. "కొత్తగా పెళ్ళయినవాళ్ళు, మీకు నిలబడే పనేముంటుందిరా" అని పకపకా నవ్వాడు కూడా. మేనమామ పోయాడు. అటక మిగిలింది, అందులో వాళ్ళిద్దరూ మిగిలారు.

పొడుగాయన నిజంగానే పొడుగు. కింద కొట్టులో తల వంచుకోవాలి, పైన అటకలో నడుమే వంచుకోవాలి. ఎదురింటి అరుగు మీద మిషను పెట్టుకున్న దర్జీ ఆయనకు ఆ పేరు పెట్టాడు. "ఏం పొడుగన్నా, ఇవాళ ఎంత పొట్టయ్యావు?" అని పొద్దున్నే పలకరించేవాడు. పొడుగాయన నవ్వేసి షట్టరు ఎత్తేవాడు. అద్దాలు కోసి, అతికించి, తొట్లు కట్టి బతికేవాడే గాని అద్దంలో తనను తాను చూసుకునే అలవాటు ఆయనకు లేదు.

ఇల్లు ఇరకటం, ఆలు మర్కటం అని సామెత. పొడుగాయన దాన్ని భార్య వినేలా పదిమందిలో అనేవాడు. ఆమె నిచ్చెన మీద నుంచే జవాబిచ్చేది. "మర్కటాన్ని కాబట్టే ఈ నిచ్చెన ఎక్కుతున్నా బావా. మనిషినైతే ఎప్పుడో అలిగి పుట్టింటికి పోదును. నా ఖర్మ, పుట్టిల్లు కూడా ఇదే అయింది." దర్జీ మిషను ఆపి నవ్వేవాడు. పిల్లలు లేరేం అని ఎవరైనా అడిగితే, "పైన చోటు లేదండీ, కింద చేపలున్నాయి" అనేది. ఆ మాట అన్నాక మాత్రం కాసేపు ఏ తొట్టి దగ్గరో నిలబడి చేపలకు మేత వేస్తూ ఉండిపోయేది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, కొట్టులో ఆమె దారే వేరు. పొడుగాయన గిన్నె చేతికెత్తగానే ఎక్కడున్నా వచ్చి వాలేది. కొనడానికి వచ్చినవాళ్ళను ఒకటే ప్రశ్న అడిగేది. "ఈ చేప ఎంత పెరుగుతుందో తెలుసా మీకు?" తెలియదనేవాళ్ళు. వాళ్ళను గల్లాపెట్టె వెనక ఖాళీగోడ దగ్గరికి తీసుకుపోయేది. అద్దం కోసేముందు గీత గీసే తెల్ల మైనపు పెన్సిలుతో ఆ గోడ మీద ఆమె చేపలు గీసి పెట్టింది, ఒక్కొక్కటి పూర్తిగా పెరిగితే ఎంతుంటుందో అంత. వేలెడు ఎర్రచేప గోడ మీద అరచేయి దాటి ఉండేది. షార్క్ అని చెప్పి అమ్మే వెండిరంగు చేపపిల్ల, తొట్టిలో అగ్గిపుల్లంత ఉండేది, గోడ మీద మాత్రం దాని తల గల్లాపెట్టె దగ్గరుంటే తోక వాకిలి దాకా పోయింది. "ఇది పడుకునే మంచం కొనండి ముందు, తర్వాత చేపను కొందురుగాని" అనేది. సగంమంది నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారే. నీ నోటికి కొట్టు మూసుకోవాలి" అని పొడుగాయన విసుక్కునేవాడు. ఆమె లేనప్పుడు తడిగుడ్డ పెట్టి ఆ గోడ తుడిచేవాడు. మైనపు గీత నీళ్ళకు లొంగదు. ఎంత రుద్దినా చేపలు మసగ్గా గోడలోనే ఉండేవి. ఆమె మళ్ళీ దిద్దేది.

నిజం ఆయనకు తెలియక కాదు. ఒకసారి ఒకావిడ చచ్చిపోయిన ఎర్రచేపను ప్లాస్టిక్ సంచిలో పట్టుకొచ్చి గల్లాపెట్టె మీద పెట్టింది. గిన్నెలో ఏడాదికి పైగా బతికిందట, అస్సలు పెరగలేదట, భలే ముద్దుగా ఉండేదట, ఇంకొకటి అలాంటిదే కావాలట. ఆవిడ వెళ్ళాక భార్య దాన్ని పళ్ళెంలో పెట్టి పొడుగాయనకు చూపించింది. వెన్ను మధ్యలో వంగిపోయి ఉంది. కళ్ళు ఒంటికి మించి పెద్దవయ్యాయి. రెక్కల అంచులు చీకిపోయాయి. "పెరగాల్సిన ఈడులో పెరగనివ్వలేదు బావా. తిన్నదీ అందులోనే, విడిచిందీ అందులోనే, పీల్చిందీ అదే. పెద్ద తొట్టయితే ఆ మురికి పలచబడేది. ఇందులో ఎక్కడికి పోతుంది?" అంది. పొడుగాయన ఆ వెన్ను వంక చాలాసేపు చూశాడు. ఇంతలో ఎవరో వచ్చి గిన్నె అడిగారు. ఆయన లేచి వెళ్ళి, దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు.

ఆ కొట్టుకు గుండెకాయ గాలిమోటారు. దాని నుంచి సన్నటి గొట్టాలు అన్ని తొట్లలోకీ పోతాయి, పగలూ రాత్రీ బుడగలు వస్తుంటాయి. అమ్మకానికి పెట్టిన తొట్లు కదా, ఉండవలసినదానికి నాలుగింతల చేపలు ఉంటాయి. కరెంటు పోయి మోటారు ఆగితే తెల్లవారేసరికి కొట్టంతా శవాలే. అందుకే కొట్టు మీదే పడుకోవాలి. పొడుగాయన పడుకున్నాడంటే మొద్దునిద్ర, పక్కన పిడుగు పడ్డా లేవడు. భార్యది వేరు. ఆ హోరులోనే పుట్టి పెరిగింది కాబట్టి హోరు ఆగిందంటే చటుక్కున కళ్ళు తెరిచేది. కాలితో ఆయనను ఒక తోపు తోసి, నిచ్చెన దిగి, చెంబుతో ప్రతి తొట్టిలో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి ధారగా మళ్ళీ అందులోకే పోసేది, నీళ్ళకు గాలి తగలాలని. కరెంటు వచ్చేదాకా ఇద్దరూ అలా పోస్తూనే ఉండేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఒక్క తొట్టి కూడా పోకుండా కాపాడింది ఆమె నిద్రే.

ఆ అటక మీదికి కింది తొట్ల ఆవిరంతా వచ్చి చేరేది. కిటికీ లేదు. పరుపు ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా, చెమ్మగా ఉండేది. చెక్కల సందుల్లో నల్లటి బూజు, తుడిచిన నాలుగు రోజులకే మళ్ళీ పట్టేది. మొదట ఆమెకు పొద్దున్నే దగ్గు వచ్చేది. తర్వాత నిచ్చెన ఎక్కినప్పుడు. ఆ తర్వాత మాట మధ్యలో. గోడ దగ్గర నిలబడి "ఈ చేప ఎంత..." అని మొదలుపెట్టి, ఊపిరి అందక, చేత్తోనే గీత చూపించి ఊరుకునేది. దర్జీ పోరు పెడితే చివరికి ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఆ డాక్టరు వీళ్ళకు పాత బేరమే. ఆయన దగ్గరికి వచ్చే రోగులు కూర్చునే హాలులో పొడుగాయన కట్టి ఇచ్చిన తొట్టి ఉంది. అందులో రెండు వెండిరంగు చేపలు, అవే, షార్క్ అని అమ్మినవి. ఇప్పుడు మోచేయంత అయ్యాయి. తొట్టి మాత్రం పెరగలేదు కదా. అవి ముందుకు నాలుగు వేళ్ళు కదిలితే ముక్కు అద్దానికి కొట్టుకునేది, వెనక్కి తిరుగుదామంటే తోక వంచి నానా తంటాలూ పడేవి. ముక్కుల మీద తెల్లగా పుండ్లు పడ్డాయి. తమ వంతు వచ్చేదాకా భార్య వాటి ఎదురుగానే కూర్చుంది. పొడుగాయన గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు గొట్టం ఆనించి వీపు మీద చాలాసేపు విన్నాడు. "ఎక్కడ పడుకుంటారమ్మా?"

"తొట్ల మీదండీ" అంది ఆమె.

ఆయనకు అర్థం కాలేదు. పొడుగాయన అటక సంగతి చెప్పాడు. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. "ఆ చెమ్మకీ బూజుకీ ఊపిరితిత్తులు బిగుసుకుపోతున్నాయమ్మా. మందులు రాస్తాను. మందులది సగం పనే, గది మారడం మిగతా సగం. ఎండా గాలీ తగిలే చోటికి మారండి. ఈ వానాకాలం మాత్రం అక్కడ గడపకూడదు. మళ్ళీ చెప్తున్నా, గడపకూడదు."

"మీరు నాకు చెప్పారు, బావుంది. నేనూ మీకొకటి చెప్పొచ్చా?" అంది ఆమె. "బయట హాల్లో ఇద్దరు రోగులున్నారు. వాటికీ ఇల్లు మారాలండీ."

డాక్టరు గట్టిగా నవ్వాడు. "సరే అయితే. వాటికి నేను మారుస్తాను, మీకు మీ ఆయన మారుస్తాడు. ఎవరు ముందు మారతారో చూద్దాం" అన్నాడు. పొడుగాయన వైపు తిరిగి, "మీరే కట్టాలి. ఎంత పెద్దది కావాలంటే అంత కట్టండి, హాలుంది కదా" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పొడుగాయన అక్కరలేకపోయినా చొక్కా సర్దుకుని తల ఊపాడు.

గది కోసం వెతకనక్కరలేకపోయింది. దర్జీ ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది, రెండు కిటికీలు, ముందు డాబా. "పిల్లల లాగులు కుట్టేటప్పుడు కూడా నేను లోపల మడత వదుల్తాను చెల్లెమ్మా, రేపు పెరుగుతారని. మీ నాన్న ఒక్క అంగుళం కూడా వదల్లేదు మీకు. రేపే వచ్చెయ్యండి" అన్నాడు. ఆమె మెట్లు ఎక్కి పోయి గది మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకి ఎత్తింది. వేళ్ళకు ఏమీ తగల్లేదు. కిందికి వచ్చి ముందు మొగుడికి చెప్పిన మాట అదే. "బావా, అక్కడ నువ్వు నిటారుగా నిలబడొచ్చు."

"మారదాంలేవే. ఈ డాక్టరుగారి తొట్టి కానీ" అన్నాడు పొడుగాయన.

"నేను ముందు వెళ్తాను. నువ్వు ఇక్కడ పడుకో."

"వానలు మొదలవుతున్నాయి. రోజూ కరెంటు పోతుంది. మోటారు ఆగితే లేచేది నువ్వా నేనా? అక్కడినుంచి నీకేం వినపడుతుంది?"

"అంటే నేను చేపల కాపలాకుక్కననా?" అంది. "కుక్కనైతే వాకిట్లో పడుకుందును బావా, గాలైనా తగిలేది."

ఆయన నవ్వాడు. "ఇన్నేళ్ళు ఉన్నావు, ఈ వానాకాలం ఉండలేవా? మందులు వాడుతున్నావు కదా. కాస్త సర్దుకోవే" అన్నాడు. మర్నాడు వెళ్ళి అటకలోకి చిన్న ఫ్యాను కొనుక్కొచ్చాడు. అది ఆ చెమ్మగాలినే అటూ ఇటూ తిప్పింది. పెళ్ళాం మీద ప్రేమ లేనివాడు కాదు. ఆమె దగ్గుతుంటే వీపు రాసేవాడు, వేడినీళ్ళు కాచి ఇచ్చేవాడు. కానీ ప్రాణమున్నది ఏదైనా ఇచ్చిన చోట్లో ఇమిడి బతుకుతుందని, ఎంత కుదిస్తే అంత అవుతుందని, చెప్పీ చెప్పీ తానే నమ్మేశాడు. ఎదుటివాళ్ళకు అమ్మిన అబద్ధం ఇంట్లో వాడుకున్నవాడిని ఏమనాలో నాకు తెలియదు. తిట్టబుద్ధి వేస్తుంది, తిట్టడానికి నోరు రాదు.

డాక్టరుగారి తొట్టి కొలతలు ఆమే చెప్పింది. పొడుగాయన అలవాటుగా ఎత్తు పెంచబోతే, వద్దంది. "ఎత్తు చూసేవాళ్ళకి బావా. చేపకి కావలసింది పొడుగు. ముక్కూ తోకా తగలకుండా వెనక్కి తిరిగేంత వెడల్పు. పైన నీళ్ళు ఎంత పరుచుకుని ఉంటే గాలి అంత దిగుతుంది." కొట్టు నేల మీద తెల్ల పెన్సిలుతో గీత గీసింది. ఆ గీత మీద తొట్టి పెడితే మధ్యదారంతా మూసుకుపోతుంది. మూసుకుపోయినా సరే అక్కడే కట్టాడు, వేరే చోటు లేదు. మందపాటి అద్దం కోశాడు, అంచులు రాయితో నూరాడు, జిగురు పెట్టి అతికించాడు. ఆ జిగురు ఆరేదాకా పులిసిన వాసన, కళ్ళలో నీళ్ళు తెప్పించే ఘాటు. బయట వాన కొడుతుంటే షట్టరు సగం దించి ఉండేది. ఆ ఘాటంతా నిచ్చెన వెంట పైకి పోయేది. పైనుంచి దగ్గు కిందికి వచ్చేది. ఆయన "ఇదిగో అయిపోయింది, అయిపోయింది" అంటూ ఇంకో మూల అతికించేవాడు.

తొట్టి కట్టాక పరీక్ష ఉంటుంది. కింద పొడి పేపర్లు పరిచి, నిండా నీళ్ళు పోసి వదిలేయాలి. ఎక్కడైనా పేపరు మీద తడి మచ్చ కనబడితే నీళ్ళు తోడి, ఆ మూల జిగురంతా కోసి, ఆరబెట్టి, మళ్ళీ అతికించాలి. మొదటిసారి ఒక మూల చుక్క పడింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ మచ్చను వేలితో తడిమి చూశాడు. చాలా చిన్న మచ్చ. అయినా మొత్తం విప్పి మొదటికి వచ్చాడు. పనిలో అంత నిక్కచ్చి మనిషి. వానాకాలం కదా, జిగురు తొందరగా ఆరలేదు. రెండోసారి కూడా చుక్క పడింది. తొట్టి కింద ఒక్క తడి చుక్క కోసం అంత వెతికినవాడు, తల మీద పెళ్ళాం పడుకున్న పరుపు పిండితే నీళ్ళు కారేలా ఉందని చూడలేదు. కాదు, చూశాడు. ఎండ వచ్చాక ఆరేద్దామనుకున్నాడు.

ఆ కాలమంతా కరెంటు పోతూనే ఉంది. ఆమె లేస్తూనే ఉంది. చివరికి నిచ్చెన దిగలేక, పైనుంచి కాలితో తోసి ఆయన్ను మాత్రం లేపేది. చెంబు చప్పుడు వింటూ, ఏ తొట్టి మరిచిపోయాడో పై నుంచే చెప్పేది.

మూడోసారి పేపరు పొడిగా ఉంది. వానలు తగ్గుముఖం పట్టిన రోజు నలుగురు మనుషులు పట్టి తొట్టిని డాక్టరుగారి హాలులో దించారు. నీళ్ళు నింపి, కొన్నాళ్ళు నిలవుంచి, ఆ రెండు చేపలనూ అందులోకి వదిలారు. మొదట రెండూ ఒక మూలనే, పాత తొట్టి ఎంతో అంత మేరలోనే తిరిగాయి. అద్దం ఉందనుకున్న చోట ఆగి వెనక్కి మళ్ళాయి. కాసేపటికి ఒకటి ఆ లేని అద్దం దాటింది. ఒళ్ళు చాచి ఒక్క ఈతలో ఆ చివరికి పోయింది. రోగులంతా లేచి వచ్చి చూశారు. పొడుగాయన దాని వెంటే అద్దం పక్కన ఆ చివరి దాకా నడిచాడు. భార్య చూడవలసిందే ఇది అనుకున్నాడు.

డాక్టరు ఆయన భుజం తట్టాడు. "నేనే ఓడిపోయాననుకుంటా. ఆవిడెలా ఉన్నారు? ఎప్పుడు మారారు?"

"ఈ పని అవగానే మారదామనండీ..." అన్నాడు పొడుగాయన.

డాక్టరు చేయి భుజం మీద నుంచి తీసేశాడు. "చేపలకి ముందు మార్చారా?" అన్నాడు. కోప్పడలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగాడు.

పొడుగాయన అటునుంచి అటే దర్జీ దగ్గరికి పరుగెత్తి తాళంచెవి తీసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పరుపు మేడ మీదికి చేర్చాడు, ఫ్యాను చేర్చాడు. ఆమెను నిచ్చెన మీద నుంచి వీపు మీద వేసుకుని దించాడు. దర్జీ ఇంటి మెట్ల దగ్గర ఆమె, నడుస్తానంది. "కొత్తింట్లోకి మొగుడి వీపు మీద పోతే జనం నవ్వుతారు బావా." నాలుగు మెట్లు ఎక్కి కూర్చుంది. ఇంకో రెండు ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత లేవలేదు. పెదవులు నీలంగా మారాయి. మెట్ల మీద నుంచే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ గదిలో పరుపు పరిచినట్టే ఉండిపోయింది.

ఆసుపత్రి వార్డు పెద్దది. ఎత్తయిన కప్పు, మంచం పక్కనే నిలువెత్తు కిటికీ. మాస్కు పెట్టాక, ఊపిరి కాస్త అందాక, ఆమె కళ్ళు తిప్పి కప్పు నుంచి కిటికీ దాకా అంతా చూసింది. మాస్కు పక్కకు జరిపి, "ఇదీ తొట్టంటే" అంది. నర్సు కసిరి మాస్కు మళ్ళీ పెట్టింది. ఇంకోసారి జరిపి, "బావా, నిటారుగా నిలబడు. చూస్తాను" అంది.

పొడుగాయన లేచి నిలబడ్డాడు. తల మీద చెక్కలు లేవు, ఏమీ లేదు. భుజాలు వెనక్కి లాక్కున్నాడు, మెడ ఎత్తబోయాడు. మెడ సగం దాకా వచ్చి ఆగింది. బలవంతాన ఇంకొంచెం ఎత్తితే వెన్ను కలుక్కుమంది. ఆమె అలాగే చూస్తూ ఉంది. పళ్ళెంలో పెట్టి చూపించిన ఎర్రచేప ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"అయ్యో బావా, నువ్వు కూడానా" అంది.

ఆ వారం దాటలేదు ఆమె. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతున్న పొద్దుటి పూట పోయింది.

పొడుగాయన దర్జీ మేడ మీదికి పోలేదు. దర్జీ ఎంత పిలిచినా, "కొట్టు మీద మనిషి ఉండాలి కదా" అని అటకలోకే ఎక్కేవాడు. తనకు మెలకువ రాదని తెలుసు. అలారం పెట్టుకునేవాడు, నీళ్ళు ఎక్కువ తాగి పడుకునేవాడు, కొన్నాళ్ళు కూర్చునే కునికేవాడు. ఏడ్చి ఏడ్చి ఒకరోజు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. ఎండ షట్టరు సందుల్లోంచి వచ్చాక లేచాడు. కొట్టు చప్పుడు లేకుండా ఉంది. ఆ హోరు లేని కొట్టును ఆయన మెలకువగా ఒంటరిగా వినడం అదే మొదటిసారి. కరెంటు ఎప్పుడు పోయిందో తెలియదు. నిచ్చెన దిగి చూస్తే ప్రతి తొట్టిలోనూ నీళ్ళ మీద తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. చెంబు అందుకుని ఒక తొట్టిలో నీళ్ళు ముంచి ధారగా పోశాడు. చచ్చిన చేపలు ఆ ధారకు గిరగిరా తిరిగాయి. పిచ్చివాడిలా చాలాసేపు అలాగే పోస్తూ ఉన్నాడు. దర్జీ వచ్చి చేతిలో చెంబు తీసుకున్నాడు.

ఒక్కటి బతికింది. గల్లాపెట్టె మీద పచ్చడి సీసా అంత గాజుసీసాలో పెట్టిన నీలిరంగు ఫైటరు చేప. అది పైకి వచ్చి మూతి బయటపెట్టి గాలి పీల్చుకునే జాతి, మోటారుతో దానికి పని లేదు. తొట్లన్నీ కడిగి బోర్లించాక కూడా అది సీసాలో తోక ముడుచుకుని ఉంది.

కొన్నాళ్ళకు ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఖాళీ తొట్లు చూసి వెనక్కి తిరగబోయి, సీసాను చూసి ఆగింది. అన్నీ ఏమయ్యాయని అడిగింది. పోయాయన్నాడు. ఇదెలా బతికిందంది. గాలి పీల్చుకునే చేప అన్నాడు.

"అయితే మాకు ఇదే బాగుంటుందండీ" అంది ఆమె సంతోషంగా. "టీవీ పక్కన కొంచెం చోటుంది, ఈ సీసాతోనే పెట్టేస్తా. ఇన్ని పెద్ద తొట్లలోవి పోయి ఇది బతికిందంటే చూడండి. సర్దుకుందన్నమాట."

పొడుగాయన సీసాను చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తలేదు. దాన్ని గల్లాపెట్టె వెనక్కి, గోడ వైపుకు జరిపాడు. గోడ మీద తెల్ల గీతలు అలాగే ఉన్నాయి.

"సర్దుకోదమ్మా. ఏదీ సర్దుకోదు. చావడానికి కొంచెం టైము తీసుకుంటుంది, అంతే. మనం దాన్ని బతకడం అనుకుంటాం" అన్నాడు.

ఆమెకు చిరాకు వేసింది. "అదేంటండీ? పోయినేడు మా అక్కకి గిన్నె అమ్మింది మీరే కదా? తొట్టి ఎంతో చేప అంతే, సర్దుకుంటుందని మీరే చెప్పారట కదా?"

"చెప్పానమ్మా" అన్నాడు పొడుగాయన. "మా ఆవిడకీ అదే చెప్పాను."